తాడు అవతలి కొస

మా పెరటిగోడ అవతలింటి సైన్సు మేష్టారు పోయిన ఆదివారం ఉదయం కన్నుమూశారు. నేను చర్చి నుంచి వచ్చేసరికి, ఆయన్ని చూసుకునే బెంగాలీ మాసీ గుమ్మంలో నిలబడి ఉంది. "దీదీ, సార్ చలే గయే," అంది.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు బడిలో నాకు పదో తరగతి చెప్పింది ఆయనే. అలల పాఠం రోజున నా జడ రిబ్బను విప్పించి తాడు నడుమ కట్టారు. ఒక కొస నాకిచ్చి, రెండోది తను పట్టుకుని ఒక్క ఊపు ఊపారు. నా చెయ్యి అదిరింది. రిబ్బను మాత్రం పైకీ కిందికీ ఊగి, ఉన్నచోటే ఆగింది.

"రిబ్బను నీ కాడికొచ్చినాదేటే?"

"లేదండి."

"మరి నీ సెయ్యెందుకదిరింది? నా సేతిలో శక్తి వచ్చినాదే, పిచ్చిమొహమా! తాడు దాన్ని అందించీసి, తానున్నకాడే ఉండిపోద్ది."

ఆయన చెప్పిన సైన్సులో నాకు మిగిలింది అదొక్కటే.

ఈమధ్య ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాక, చేసేదేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. గట్టిగా పిలవలేరు. అందుకని మంచం దగ్గర నుంచి మా వంటింటి కిటికీ దాకా తాడు కట్టించి, నా వైపు చిన్న గంట వేలాడదీయించారు. అది మోగితే పరుగెత్తేదాన్ని.

"ఏటి మేష్టారూ, ఏటైనా కావాలా?"

"ఏటీ వొద్దే. అందినాదో లేదో సూసినాను."

పెదాలు తడపడం, వీపు నిమరడం తప్ప నా వల్ల ఏమైంది? మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసేదాన్ని. ఎన్నడూ చర్చి గడప తొక్కని మనిషి, ఓ రోజు నవ్వి అన్నారు: "ఇదీ అంతేనే. నువ్విక్కడే ఉంటావు, ఊపు పోతాది. అందినాదో లేదో అవతలి కొస పట్టుకున్నాయనకే తెలుస్తాది. నువ్వు మాత్రం ఊపడం మానకు."

రానురాను ఆయన చేతిలో సత్తువ తగ్గింది. ఊపు నా దాకా వచ్చేసరికి గంటను మోగించేంత మిగిలేది కాదు. అప్పట్నుంచి కూరలు తరుగుతున్నప్పుడు తాడు కొస మణికట్టుకు చుట్టుకునేదాన్ని. ఈగ వాలినంత అదురు. అయినా తెలిసేది.

ఆ ఆదివారం చర్చికి వెళ్లనన్నాను. ఆయనే పంపారు. "పోవే. నా కోసం కూడా ఒక ఊపు ఊపి రా."

పాటలు పాడుతున్నంతసేపూ అదే వేడుకున్నాను, ప్రభువా, ఆయన్ని ఇంకొన్నాళ్లు ఉంచు అని.

ఆఖర్న తాడు కదిపారని మాసీ చెప్పింది. గంట మోగలేదట. మోగినా వినడానికి నేను లేను.

మంచం దగ్గరికి వెళ్లేసరికి ఆయన వేళ్లు ఇంకా తాడు మీదే ఉన్నాయి. మెల్లగా విడదీశాను. ఆ కొస పట్టుకుని, ఒక్కసారి ఊపాను.

గోడ అవతల, ఎవరూ లేని నా వంటింట్లో, గంట మోగింది.