హసీనాబీ పోతు కట్టె ముట్టలేదు

బక్రీదు ఇంక వారం ఉందనగా హసీనాబీ మేకపోతు మేత మానేసింది.

ధర్మవరంలో మగ్గాల ఇళ్ళకు పట్టు కండెలు చుట్టిపెట్టే మనిషి హసీనాబీ. మొగుడు పోయినప్పటినుంచి ప్రతి బక్రీదుకూ వీధిలోవాళ్ళు నమాజు అయ్యాక జీవాన్ని కోసి కుర్బానీ ఇచ్చి, అందులో పేదల వాటా ఆమె గిన్నెలో వేసేవాళ్ళు. ఎవరూ చులకనగా వేయలేదు, ఆ మాట చెప్పాల్సిందే. అయినా తీసుకునే చేతికే తెలుస్తుంది ఆ బరువు. ఒక్క ఏడాదైనా తన గుమ్మంనుంచి వాటాలు కదలాలని పోతుపిల్లను తెచ్చి పెంచింది. కొమ్ము విరగకుండా, కాలు కుంటుపడకుండా కాపాడింది. కుర్బానీకి ఈడొచ్చినట్టు రెండు పెద్దపళ్ళు వేసిన రోజున దాని మూతి తెరిచి వీధంతా చూపించింది. “ఈ యేడు నాకెవురూ పంపొద్దండి. నేనే మీకు పంపిస్తా” అని గొప్పగా చెప్పేసింది.

ఆ పోతు ఇప్పుడు కాయలు కోసేసి మేతకని ఎండబెట్టిన శెనక్కాయ కట్టె ముందర మూతి తిప్పుకుని నిలబడింది.

తప్పు కట్టెదే అనుకుంది హసీనాబీ. పెనుకొండ దగ్గరి రైతు చేలోంచి ఆటోలో వేయించుకొచ్చిన కట్టె అది. వానకు తడిసి లోపల బూజు పట్టిందేమోనని మోపు విప్పి, దులిపి, మిద్దెమీద ఎండబెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే కమ్మటి వాసనే వస్తోంది. కింద పడిందీ, కాలికింద నలిగిందీ మేక తినదు, దాని టెక్కు దానిది. అందుకని పిడికెడు పిడికెడు కట్ట కట్టి గుంజకు వేలాడదీసింది. ఉప్పునీళ్ళు చిలకరించింది. జొన్న సొప్ప తెచ్చింది, వేపమండలు విరుచుకొచ్చింది. పోతు దేన్నీ ముట్టలేదు, నెమరు కూడా మానేసింది. ఆమెకు చేతులాడక కండె దగ్గర దారం తెగిపోతుంటే మగ్గం ఆసామి కసురుకున్నాడు.

పశువుల డాక్టరు వచ్చి “ఏం పెడతాండావమ్మా?” అని అడిగాడు.

“కట్టె తప్ప ఇంగేం పెట్టలే సార్. పెట్టేకి నాకాడ ఇంగేముండాది?”

ఆయన ఆ మాట నమ్మి, ఆకలి పుట్టే పొడి ఇచ్చి పోయాడు. నమ్మక ఏం చేస్తాడు? ఆమె చెప్పింది అబద్ధం కాదు.

మర్నాటికి పోతు పళ్ళు పటపట కొరుకుతూ పడుకుండిపోయింది. ఎడమ డొక్క ఉబ్బింది, పులిసిన వాసనతో పారుకుంటోంది. డాక్టరు మళ్ళీ వచ్చి డొక్క నొక్కితే పిండిముద్దలో దిగినట్టు వేలు దిగింది. పారుడులో అరగని గింజలు కనిపించాయి.

“ఇది కట్టె తిన్న కడుపు కాదు. గింజలు లోపల పులిసి కూర్చున్నాయి, ఎవరు పెట్టినారు?” అని గట్టిగా అడిగాడు.

గుమ్మం దగ్గర మూగిన వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నోరు తెరిచింది పక్కింటి సుబ్బమ్మ. “గుప్పెడు బియ్యమే గదక్కా పెట్టినా. దేవునికి పోయే జీవం గదా అని.” తెల్లారి నమాజు చేసుకుని వస్తూ రోజూ ఇన్ని రొట్టెముక్కలు పెడుతున్నానని ముసలి ఖాజాసాబ్ ఒప్పుకున్నాడు. మాంసం కొట్టు కరీముల్లా జొన్నలు పెట్టాడట. కుర్బానీ జీవానికి పెడితే తమకూ ఇంత పుణ్యమని, హసీనాబీ పనికి పోగానే ఇంటికొకరు వచ్చారు. పెట్టేది తామొక్కరమే అని ఎవరికి వాళ్ళు అనుకున్నారు.

“వట్టి కట్టె తిని ఏం బలుస్తాదిలే అనుకుంటిమి చిన్నమ్మా. చెప్తే నువ్వు నొచ్చుకుంటావని చెప్పలే” అన్నాడు కరీముల్లా తల దించుకుని.

పగవాడు చేసిన పనైతే నోరారా తిట్టొచ్చు. వీళ్ళనేమని తిట్టేది?

డాక్టరు సోడా నీళ్ళు తాగించి, ఇంక ఎండు కట్టె తప్ప ఏదీ చూపించొద్దన్నాడు. దానంతట అది కట్టె అందుకుంటే బతికినట్టే అన్నాడు. హసీనాబీ పని మానేసి దాని పక్కనే కూర్చుంది. మెత్తటి ఆకు ఉన్న పరకలు ఏరి ఏరి మూతికి అందించింది. “తినురా నా నాయనా, ఒక్క పరక తిను. నీకు మొక్కుతా” అని బతిమాలింది. పోతు పెదవి కదపలేదు.

పండగ ముందురోజు మధ్యాహ్నానికి మెడ వాల్చేసింది. కరీముల్లా కత్తి పట్టుకుని వచ్చాడు.

“చిన్నమ్మా, ఊపిరుండగానే కోద్దాం. సచ్చినాక ఎవురికీ పనికిరాదు. ఇప్పుడైతే హలాలు అయితాది, కూరకు మాంసమన్నా మిగులుతాది.”

“రేపు పండగ నమాజు అయ్యేదాకా ఆగప్పా.”

“రేపటిదాకా యాడుంటాది?”

“నమాజుకు ముందు కోస్తే అది కూరే, కుర్బానీ కాదు. కూర కోసమా నేను దీన్ని సాకింది?” అంటూ పోతు మెడకు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

మొండిది అన్నారు కొందరు. అనేవాళ్ళదేం పోయింది? పొద్దు వాలకముందే పోతు ప్రాణం పోయింది. కరీముల్లా, ఖాజాసాబ్ కలిసి గుంత తీసి పూడ్చారు. హసీనాబీ కంట చుక్క రాలేదు.

బక్రీదు నాడు ఇంటింటినుంచీ వాటాలు వచ్చాయి, ఎన్నడూ లేనంత వచ్చాయి. తెచ్చినవాళ్ళు ఆమె మొహం చూడకుండా గిన్నెలు వంచి వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక ఇష్రత్ వచ్చింది. కండెల పనిలో తోటిది, మొగుడు మంచం పట్టినవాడు. తనకల్లు ఊళ్ళో పుట్టింటికి పోయి అప్పుడే బస్సు దిగింది, జరిగిందేదీ తెలియదు. గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడి, లోపల నిండిన పాత్రలు చూసి నవ్వింది.

“మొత్తానికి ఇచ్చినావు గదక్కా. నీ కుర్బానీని అల్లా కబూలు చేయనీ.”

హసీనాబీ ఆ గిన్నెను అంచుదాకా నింపి చేతికిచ్చింది. నిజం చెబుదామంటే నోరు రాలేదు. ఆ దీవెనకు ఆమీన్ అనడానికీ రాలేదు. ఇష్రత్ వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి పోయి తలుపేసుకుని గొంతెత్తి ఏడ్చింది.