ఎవరి ఏవండీ వారిది

మొన్న ఉదయం రాజమండ్రిలో పశువుల ఆసుపత్రికి మా కుక్కని తీసుకువెళితే, చీటీ రాసే అమ్మాయి "పేరేంటండీ?" అని అడిగింది. నా పేరు చెప్పాను. "మీది కాదండి, కుక్కది" అంది. నేను మా ఆయన మొహం చూశాను, ఆయన ఫ్యాను వంక చూశారు. ఏడాదిగా ఇంట్లో తిరుగుతున్న ప్రాణికి పేరు లేదని చెప్పడానికి సిగ్గేసింది. ఉన్న పిలుపేమో పదిమందిలో చెప్పుకునేది కాదు.

కిందటేడు గోదావరికి వరదొచ్చినప్పుడు నది మధ్య లంకలోంచి మనుషుల్ని పడవల మీద తెస్తుంటే, ఎవరిదో తెలియని ఈ కుక్క కూడా ఎక్కేసిందట. గట్టు మీద దిక్కులేకుండా తిరుగుతుంటే మా ఆడపడుచు భర్త జాలిపడి, కడియంలో తమ నర్సరీకి తీసుకుపోయారు. అక్కడి కుక్కలు దీన్ని బతకనివ్వకపోయేసరికి ఆటోలో వేసుకొచ్చి మా వరండాలో దింపేశారు. "జాతేంటి అన్నయ్యగారూ?" అంటే, "అంటు మొక్కేనమ్మా. వేరు మన నాటుది, పైన కట్టింది ఏ విదేశీదో. ఇలాంటివే గట్టిగా బతుకుతాయి" అని తన మొక్కల భాషలోనే చెప్పారు.

బతికే లక్షణాలేవీ మాకైతే కనిపించలేదు. ఒకప్పుడు మామగారి పడక్కుర్చీ ఉండే మూలలో, గోడకి మొహం పెట్టి పడుకుంది. పెరుగన్నం పెట్టాను, గుడ్డు పెట్టాను, కోడికూరలో ముక్కలన్నీ ఏరి పెట్టాను. చీమలకి పండగయింది తప్ప అది మూతి కూడా ఆనించలేదు. డొక్కలు ఎండిపోయాయి. కాపాడదామని తెచ్చుకుని కళ్ళెదుట చంపుకుంటున్నామా అని నాకు ఏడుపొచ్చేది.

అప్పటికే మా అత్తగారికి చూపు మసకబారింది. మామగారు పోయిన సంగతి ఒకరోజు గుర్తుంటే ఒకరోజు ఉండేది కాదు. ఓ మధ్యాహ్నం ఆవిడ గుమ్మంలోకి వచ్చి, ఆ మూలనున్న ఆకారాన్ని చూసి, "ఏవండీ, వేళ మించిపోతుంటే ఇంకా అలా ఉన్నారేంటి? భోంచేద్దురుగాని, రండి" అన్నారు. కుక్క తల తిప్పింది. మెల్లిగా లేచి, ఆవిడ వెనకే లోపలికి వచ్చి, పళ్ళెం నాకేసింది. మేం నోళ్ళు వెళ్ళబెట్టాం. మా ఆయన ఉండబట్టలేక, "అమ్మా, అది కుక్కే" అన్నారు.

"తప్పురా! కన్నతండ్రిని అంతమాట అంటావా?" అని ఆవిడ కసురుకున్నారు.

ఆ తర్వాత ఏం చెయ్యాలో మాకు పాలుపోలేదు. నిజం చెబితే ఆవిడ భర్తని మళ్ళీ కొత్తగా పోగొట్టుకుంటారు. చెప్పకపోతే మా ఆయన పూటపూటా తండ్రి స్థానంలో కుక్కని చూడాలి. ఆవిడ పిలవకపోతే అది తినదు. కక్కలేక మింగలేక ఊరుకున్నాం. నేను "ఏవండీ" అంటే మా ఆయన పలికేవారు, ఆవిడ "ఏవండీ" అంటే అది లేచేది. ఎవరి ఏవండీ వారిది, ఒక్కనాడూ పొరపాటు జరగలేదు. సాయంత్రాలు ఆవిడ దాని వీపు నిమురుతూ, "బాగా చిక్కిపోయారండి" అనేవారు. నేను నవ్వుకుంటూనే వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకునేదాన్ని.

కిందటి నెల అత్తగారు కన్నుమూశారు. కుక్క మళ్ళీ ఆ మూలకి చేరి తిండి మానేసింది. అందుకే ఆ ఆసుపత్రి. డాక్టరు గారు అటూ ఇటూ నొక్కి చూసి, "జబ్బేమీ లేదండి, బెంగ పెట్టుకుంది. దానికి నా దగ్గర మందు లేదు" అన్నారు.

ఇంటికొచ్చాక అన్నం కలిపి, గుమ్మంలో నిలబడి, ఆవిడ గొంతు తెచ్చిపెట్టుకుని, "ఏవండీ, భోంచేద్దురుగాని, రండి" అన్నాను. లోపల్నించి మా ఆయన వచ్చారు. నేనెవర్ని పిలిచానో చూసి, పక్కకి జరిగి దారిచ్చారు. కుక్క లేచింది. నన్ను దాటుకుని అత్తగారి గదిలోకి వెళ్ళి, మంచం కిందా తలుపు వెనకా వెతికి, తిరిగొచ్చి నా మొహంలోకి చూసింది. ఆవిడ ఎక్కడికి వెళ్ళారో నాకు మాత్రం తెలుసా? కాదంటే నేను నొచ్చుకుంటానన్నట్టు, పళ్ళెం దగ్గర రెండు ముద్దలు తిని వెళ్ళి పడుకుంది. మా గోదావరి వాళ్ళ మొహమాటం దానికీ వచ్చేసింది. కాలం గడిస్తే దుఃఖం తగ్గుతుందంటారు. తగ్గుతుందేమో గానీ, అందాకా ఆ కాలాన్ని కూడా ఇలా మొహమాటానికి రెండేసి ముద్దలుగా మింగాల్సిందే.