కొర్రకొత్త నాడు అమ్మ మాట

మా అక్కకు నయమైందని ఊరంతా అంటారు. నిజమే. నిద్రపోతుంది, పూటపూటా అన్నం తింటుంది, నాతో కాఫీ తోటకు వస్తుంది. అయినా ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

అక్క తమిళనాడులో నూలు మిల్లు పనికి వెళ్లింది. అమ్మ పోయినప్పుడు సెలవు దొరికి రైలెక్కి వచ్చేసరికి మట్టి చేసేశాం. తిరిగి వెళ్లాక హాస్టల్లో అమ్మ మాట వినిపించడం మొదలైంది. మొదట్లో సంతోషించిందట. అంతమంది పరాయివాళ్లలో మన భాషలో పలకరించే గొంతు ఒక్కటైనా ఉంది కదా! తరవాత ఆ గొంతు ఇంటికి నడిచి వచ్చెయ్యమంది. అక్క రైలు పట్టాలు పట్టుకుని బయలుదేరింది. తోటి పనివాళ్లు పట్టుకుని ఇంటికి చేర్చారు.

విశాఖలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అప్పట్లో అక్క నోట తెలుగు ముక్క రావడం లేదు. నేనా, చిన్నప్పటి నుంచి ఆశ్రమ పాఠశాలలో పెరిగినదాన్ని, మా కొండ భాష సరిగా రాదు. అమ్మకేమో తెలుగు రాదు. అమ్మా నేనూ మాట్లాడుకోవాలంటే మధ్యలో అక్క ఉండాల్సిందే. అలాంటిది ఇప్పుడు అక్కకూ డాక్టరమ్మకూ మధ్య నేను! చచ్చిపోయినవాళ్లు మాట్లాడటం మా ఊళ్లో జబ్బు కాదని ఎలాగో చెప్పాను. "కాకపోవచ్చమ్మా, కానీ పట్టాల మీద నడవకూడదు కదా" అంది ఆవిడ. ఆవిడ మాట తప్పని ఎలా అంటాను?

మందులు పనిచేశాయి. గొంతు ఆగింది, అక్కకు తెలుగూ తిరిగొచ్చింది. ఒకసారి తనంతట తనే బిళ్లలు మానేస్తే, మా ఊరి కింద రైలు సొరంగం మొగలో దొరికింది. అప్పట్నుంచి బిళ్లలు నా దగ్గరే ఉంటాయి.

మొన్న కొర్రకొత్త వచ్చింది. ఆ పండగ చెయ్యనిదే మేం కొత్త కొర్రలు నోట పెట్టం. ఇంటి పెద్ద కూతురు ఆకులో కొర్రన్నం పెట్టి చనిపోయినవాళ్లను పిలవాలి, వాళ్లేమన్నారో చెప్పాలి. అప్పుడే మిగతావాళ్లు తినాలి. అక్క అమ్మను పిలిచి తల వంచుకు కూర్చుంది. ఎంతసేపటికీ పలకదు.

"ఏటందే మీయమ్మ? బేగి సెప్పు, పిల్లలు ఆకలికి సస్తన్నారు" అంది మా పిన్ని.

"ఏటీ అన్నేదు" అంది అక్క.

"అయ్యో, అలిగిపోనాది!" అని పిన్ని ముక్కు చీదింది.

అక్క లేచి, ఆ పూట బిళ్ల పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డ నా దగ్గరకు వచ్చింది. "ఒసే గుంటా, ఈ పూట బిళ్ల ఏసుకోనే. ఒక్క మాటిని మళ్లీ ఏసేసుకుంటాను. సచ్చిపోయినప్పుడు అమ్మను సూడనేదు. ఇప్పుడు మాట కూడా నేకుండా పోనాది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వద్దంటే అమ్మను రెండోసారి పాతిపెట్టినట్టు, సరేనంటే ఆ సొరంగం. ఏడుపొచ్చేసింది. అక్కే నా గుప్పిట్లోంచి బిళ్ల తీసుకుని మింగింది. ఆసుపత్రిలో నేర్పినట్టు నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించింది.

"అక్కా, నాకు వినిపించింది. అందరూ తినండి, నా పెద్ద కూతురు సల్లగుండాలి అంది అమ్మ" అన్నాను, ఉండబట్టలేక.

అక్క నా మొహంలోకి చూసింది. కోపం లేదు.

"అమ్మకు తెలుగు ఎప్పుడొచ్చిందే?" అంది.

తరవాత లోపలికెళ్లి ఆ మాటే మా భాషలోకి మార్చి, అమ్మ అన్నదని అందరికీ చెప్పింది. పిన్ని కళ్లొత్తుకుని వడ్డించింది. అందరూ తిన్నారు. అక్క ఆకు ముందు కూర్చుంది గానీ ముద్ద ఎత్తలేదు.