దాసు జారిన కోలాటం అడుగు

చదువుకోడానికి విదేశమొచ్చి, అక్కడి టార్నీట్ ఊళ్లో బస్సు డ్రైవరుగా స్థిరపడ్డ దాసుకి శనివారం వస్తే కాలు నిలవదు. కమ్యూనిటీ హాల్లో దేశదేశాల జానపద నృత్యాలు నేర్పుతారు. ఆ వారం ఇంగ్లండు వాళ్ల కర్రలాట. అకార్డియన్ దరువు చెవిన పడగానే దాసు కాళ్లు మాట వినలేదు. ఎదుటివాడి కర్రకు కర్ర కొట్టి, శ్రీకాకుళం కోలాటంలోలాగే చటుక్కున పక్కవాడి ముందుకు జారిపోయాడు. ఈ ఆటలో జోడీ మారకూడదు మరి! వరసంతా చిక్కుపడింది, పాట ఆగింది.

"సారీ మార్గరెట్, మా ఊరి అలవాటు," అని నాలుక్కరుచుకున్నాడు దాసు.

ఆట నేర్పే ఎనభై ఏళ్ల మార్గరెట్ కళ్లద్దాలు సర్దుకుంది.

"నలభై ఏళ్లుగా ఎదురుగా మా ఆయన మొహమే చూస్తూ ఆడుతున్నాను. ఆ జారడమేదో ముందు నాకు నేర్పు!"