చేతులు కట్టి కూర్చోబెట్టండి

మా వదిన సొన్నమ్మకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. అన్నం తింటూ తింటూ లేచి వాకిలి దాకా వెళ్ళి వస్తుంది. కాటన్‌పేటలో మా అన్న మునినారాయణప్పకు లంగా బొందుల టోకు అంగడి ఉంది. మా ఇళ్ళలో బొందును లాడి అంటాం. బేరానికి వచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నంతసేపూ వదిన వేళ్ళ మధ్య ఒక లాడి చుట్టుకుంటూ, విడిపోతూ, మళ్ళీ చుట్టుకుంటూ ఉంటుంది. ఆమెకు జబ్బుందని మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు.

జబ్బన్నది ఆమె కూతురు చౌడేశ్వరికి. ఏడేళ్ళు నిండినా మాట రాలేదు, పిలిస్తే తిరిగి చూడదు. అంగట్లో లాడి చుట్ట దొర్లితే మాత్రం రెండు చేతులూ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని వేళ్ళు గబగబా ఆడించేది. సంతోషం వస్తే అది నవ్వే తీరు అదే. వీధిలో ఒకామె దయ్యమంది, ఇంకొకామె పిచ్చంది. వాళ్ళ నోళ్ళు పడిపోను. చివరికి ఒక డాక్టరు ఆటిజం అని పేరు చెప్పి, అలాంటి పిల్లలకు బడి నడిపే గ్రేస్ టీచరు దగ్గరికి పంపించాడు. అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం.

గ్రేస్ గుంటూరు వైపు క్రైస్తవుల అమ్మాయి, చదువంతా ఇంగ్లీషులో సాగింది. మా కన్నడ ఊళ్ళో తెలుగు మాట్లాడే టీచరు దొరికిందని మా వదిన పొంగిపోయింది. ఆ టీచరు కన్నడంలో చెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదేమో. కై కట్టు అంటే చేతులు కట్టుకుని కూర్చోమని కాటన్‌పేటలో పాకే పిల్లకు కూడా తెలుసు. ఆమె పాపం మర్యాదగా తెలుగులోనే చెప్పింది.

"ముందు ఆ హ్యాండ్స్ స్టాప్ కావాలి సొన్నమ్మగారూ. రోజూ చేతులు కట్టి కూర్చోబెట్టండి. ఊపకుండా ఉంటే వెంటనే బిస్కెట్ ఇవ్వండి. ఊపితే ఇవ్వద్దు, ఎంత ఏడ్చినా సరే. నేర్చుకుందంటే జూన్‌లో సీటు గ్యారంటీ."

వదిన ఇంటికి వచ్చి చెప్పింది చెప్పినట్టే చేసింది. లాడికి ఆ ఇంట్లో కొదవేముంది?

శ్రీరాంపురంలో ఉన్న మా ఇంటి నుంచి ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి చౌడి నట్టింట్లో కూర్చుని ఉంది. మణికట్లు రెండూ కలిపి తెల్లటి లాడితో కట్టి ఉన్నాయి. ఎదురుగా పళ్ళెంలో బిస్కెట్లు. వదిన అక్కడ లేదు. పెరట్లో బావి చుట్టూ తిరుగుతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం పని వదినా ఇది? బిడ్డనుకున్నావా, దూడనుకున్నావా?"

"టీచరమ్మే చెప్పినారు సుశీలా. నాకేమన్నా సంబరమా? వదులుగానే కట్టినా. బడిలో సీటిస్తారంట. నేను పోయినాక దీన్ని ఎవురు చూస్తారు చెప్పు. నాలుగు పనులు నేర్చుకుంటే అదే బతుకుతుంది కదా."

మొదట్లో చౌడి గోడలదిరేలా అరిచేదట, లాడి కొరికేసేదట. తరవాత తరవాత అరుపు తగ్గింది. అరుపు తగ్గేకొద్దీ వదినకు తిరుగుడెక్కువైంది. లాడి విప్పే వేళ దాకా వాకిలికీ పెరటికీ మధ్య కాలు నిలవదు. వచ్చి విప్పి, ఆ మణికట్లు రుద్దుతూ ఏడ్చేది.

వేసవిలో మళ్ళీ గ్రేస్ దగ్గరికి వెళ్ళారు. ఈసారి నేనూ వెంట వెళ్ళాను. చౌడి కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, వేలు కదిలితే ఒట్టు. గ్రేస్ ముఖం వెలిగిపోయింది.

"వండర్‌ఫుల్! ఎలా చేశారండీ?"

వదిన సంచిలోంచి లాడి తీసి చూపించింది. "మీరు చెప్పినట్లే టీచరమ్మా. దినమూ చేతులు కట్టి కూసోబెట్టినా."

గ్రేస్ కాసేపు ఆ లాడినే చూసింది. తరవాత తన చేతులు ఛాతీ మీద కట్టుకుని చూపించింది. "నేను ఇలా అన్నానమ్మా. ఇలా కట్టుకోమని." మనిషి చెడ్డది కాదు, ఆ మాట చెప్పకపోతే నాది పాపం. వదిన చేతుల్లో లాడి మొట్టమొదటిసారి కదలకుండా ఉండిపోయింది.

గ్రేసే తేరుకుంది. "సరే, అయిందేదో అయింది. రిజల్ట్ అయితే వచ్చింది కదా. ఇంక కట్టకండి. సీటు ఇచ్చేస్తాం." అంటూ డబ్బాలోంచి బిస్కెట్ తీసి చౌడి ముందు పట్టుకుంది.

చౌడి బిస్కెట్ తీసుకోలేదు. రెండు మణికట్లూ ఒకదాని పక్కన ఒకటి చేర్చి గ్రేస్ ముందుకు చాచింది. కట్టమని. బిస్కెట్ వచ్చే దారి దానికి అదొక్కటే తెలుసు.

గ్రేస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చదువుకున్న పద్ధతి వదల్లేదు. "ఇదీ పోతుందండీ. స్లోగా ఇది కూడా మాన్పించేద్దాం."

"దేనితో మాన్పిస్తారు టీచరమ్మా? మళ్ళా బిస్కెట్టుతోనే కదా," అంది వదిన. "దానికి సంతోషమొస్తే చూపించుకునేదానికి ఉండేది ఆ చేతులొక్కటే. తల్లిని, నేనే తీసేస్తిని." చాచిన ఆ చేతులు పట్టుకుని పిల్లను లేపింది. బస్సులో నిలబడే వచ్చింది, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

జూన్‌లో చౌడి బడికి వెళ్ళలేదు. వచ్చిన సీటు కాలదన్నుకుందని మా అన్న చాలా రోజులు వదినతో మాట్లాడలేదు. బడికి పంపి ఉంటే ఏం నేర్చుకునేదో అని వదినకూ లోపల పీకుతూనే ఉండేది. ఇంట్లోకి మాత్రం బిస్కెట్ రానివ్వలేదు. ఎవరైనా తెలియక తెస్తే, పిల్ల మణికట్లు చాచేది. అప్పుడు వదిన ముఖం చూడలేకపోయేవాళ్ళం. వీలు దొరికినప్పుడల్లా తనే పిల్ల ముందు లాడి చుట్టలు దొర్లించేది. తన వేళ్ళే కళ్ళ దగ్గర ఆడించి చూపేది. బేరగాళ్ళు చూసి నవ్వుకున్నా లక్ష్యపెట్టేది కాదు. చౌడి చూసేది. చేతులు ఒళ్ళోనే ఉండేవి.

ఎనభై నాలుగులో ఒక మధ్యాహ్నం, నేను అంగట్లో ఉండగానే జరిగింది. కొత్త సరుకు దించుతుంటే ఒక పెద్ద చుట్ట జారి, మెట్ల మీద ఎగిరెగిరి, విప్పుకుంటూ వీధిలోకి పరుగెత్తింది. తోపుడుబండి కింద నుంచి దూసుకుపోయి మురుగు మోరీలో పడింది. గడపలో కూర్చున్న చౌడి చేతులు మెల్లగా పైకి లేచాయి. కళ్ళ దగ్గరికి వచ్చాయి. పన్నెండేళ్ళ పిల్ల, వేళ్ళు గబగబా ఆడించింది.

మా అన్న చుట్ట కోసం వీధిలోకి దూకబోయాడు.

"దాన్ని ముట్టుకోవద్దు," అంది వదిన. అని, షెల్ఫులోంచి ఇంకో చుట్ట లాగి మెట్ల మీద నుంచి దొర్లించింది. అది ఆగకముందే, ఏడుస్తూనే, మరోటి అందుకుంది.