దర్బారు కడియం

మా బాబాయి తాళాలు బాగుచేస్తాడు. మా పూర్వీకుడొకడు రాజుగారి కొలువులో మాట చెల్లిన మనిషని, గోడమీద అద్దాల పెట్టెలోని ఇనుప కడియం రాజు బహూకరించిందని వచ్చినవారందరికీ చెప్పేవాడు. ఆ పూర్వీకుడు ఎక్కడివాడో ఎవరికీ తెలియదు.

బాబాయి కూతురు ఒక ప్రెస్సు కార్మికుణ్ణి పెళ్ళాడతానంది. అతను అనాథాశ్రమంలో పెరిగాడు. "అమ్మానాన్నలెవరో తెలియనివాడివి, దర్బారు ఇంటికి అల్లుడివవుతావా?" అని బాబాయి అతని ముఖం మీదే అనేశాడు. అతను చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ వారమే పెట్టె అద్దం పగిలింది. కడియానికి నూనె రాద్దామని బాబాయి దాన్ని మొదటిసారి పనిబల్ల మీద పెట్టాడు. రెండు కొసలనూ కలిపి, కాల్చిన మేకు దూర్చి చదును చేశారు; దాన్ని వేసుకున్నవాడు తనంతట తాను తీయలేడు. మరోవైపు ఆకురాయితో కోసి విడదీసిన గుర్తుంది. లోపలి అంచు చర్మపు రాపిడికి నున్నబడింది. ఎక్కడివాడో ఆ ఇనుము చెప్పలేదు. ఎలా వచ్చాడో చెప్పింది.

"ఏంటి నాన్నా, అలా అయిపోయావు?"

"మన పెద్దాయన్ని సంకెల వేసి తెచ్చారే. అమ్మానాన్నలెవరని రాజు కూడా అడగలేదు, కొలువులో కూర్చోబెట్టాడు. నేను అడిగాను."

"నాకెందుకు చెప్తావు? దర్బారువారు కాస్త ప్రెస్సుదాకా దయచేయండి."

బాబాయి వెళ్ళాడు. యంత్రం రొదలో, "తప్పు నాది బాబూ" అని అరిచాడు.

"వినపడలేదండీ," అంటూ అతను యంత్రం ఆపాడు. పనివాళ్ళందరూ ఇటు తిరిగారు. ఆ నిశ్శబ్దంలో బాబాయి తలవంచుకుని మళ్ళీ చెప్పాడు.