దీవిలో నెత్తళ్ల కూడు

మలయాకు మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చి ఏడాదయినా సుంగై పెటాని రోడ్ల మీద ఎమర్జెన్సీ పోలేదు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు అందుతుందని రబ్బరు ఎస్టేటు గేటు దాటి గుప్పెడు అన్నం కూడా తీసుకెళ్లనిచ్చేవారు కాదు. అలాంటి రోజుల్లో ఎస్టేటు గుమస్తా అయిన మా నాన్న ఎవరిదో పాత కారు అడిగి తెచ్చి, మమ్మల్ని పినాంగు దీవి చుట్టూ తిప్పుతానన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

నానమ్మ మాత్రం బయల్దేరింది షికారుకు కాదు. ఆవిడ ఓడెక్కి ఇక్కడికి వచ్చేశాక, విశాఖ దగ్గరి పల్లెలో వాళ్ల నాన్న పోయాడు. కబురు మూడు నెలలకు అందింది. దీవికి అవతల, ఆ ఊరికి ఎదురుగా ఉన్న సముద్రంలో ఒక్కసారైనా ఆయనకు కూడు పెట్టాలని ఆవిడ పట్టు.

గేటు దగ్గర తనిఖీలో సీటు కింద అరటాకు పొట్లం దొరికింది. పెద్దల కూడు ఇంటి పొయ్యి మీదే ఉడకాలని, నానమ్మ ఎవరికీ చెప్పకుండా వండి దాచింది. నాన్న ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. మలాయ్ పోలీసు నానమ్మ నెరిసిన తల చూశాడో ఏమో, కేసు రాయలేదు. అన్నం మాత్రం కాలవలో పోయించాడు.

"దొంగకూడు కాదురా, మా అయ్య కూడు," అంది నానమ్మ నాన్నతో మెల్లగా. 

కారుతో సహా ఫెర్రీ ఎక్కాం. ఎదురుగా నీళ్లలోంచి కొండ లేచింది. ఒకప్పుడు నిప్పు కక్కిన కొండ అన్నాడు నాన్న. తెలియదన్న మాట ఆయన నోట రాదు. అది ఒట్టి రాతికొండని పెద్దయ్యాక తెలిసింది కానీ, ఆ వేళ మబ్బును పొగే అనుకున్నాను. కొండ చుట్టూ మెలికలు తిరిగిన రోడ్డు మీద ఒక మలుపులో సముద్రమంతా ఒక్కసారి కనబడింది.  లోకంలో ఇంత నీరుందని నాకెవరూ చెప్పలేదు. నానమ్మ చేతులు జోడించింది.

ఒడ్డున ఒక ముసలామె నాసి లెమాక్ అమ్ముతోంది. నాన్న ఒక పొట్లం కొని బెరుగ్గా నానమ్మకిచ్చాడు.

"ఇంటి కూడు కాదమ్మా. ఏటి సేత్తాం లా," అన్నాడు మలాయ్ 'లా' తగిలించి.

నానమ్మ విప్పింది. కొబ్బరిపాలలో ఉడికిన అన్నం, పక్కన వేయించిన నెత్తళ్లు, వేలెడంత ఎండుచేపలు. చాలాసేపు వాటినే చూసింది.

"నెత్తళ్లు నేకపోతే మా అయ్య ముద్ద ముట్టేవోడు కాడ్రా."

మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఆకు నీళ్ల మీద పెట్టి, చిన్నపిల్లలా పిలిచింది.

"అయ్యా, ఆలీసమైపోనాది. తిను."